వాయిదా

కాజీపేట బస్సుల కండక్టర్ అరుస్తడు
"అదాలత్, అదాలత్, దిగాలె!"
నాలుగేండ్ల కింద అది నాకు ఒట్టి స్టాపు పేరు.
ఇప్పుడు ఆ కేక వినంగనే
ఒళ్లెనున్న ప్లాస్టిక్ కవర్‌ను రెండు చేతులతోని పట్టుకుంట.

అండ్ల ఒక ప్రామిసరీ నోటు,
దాని జిరాక్సులు మూడు,
వాపసొచ్చిన రిజిస్టర్ పోస్టు.
మీద పోస్ట్‌మ్యాన్ రాత: "ఇంటికి తాళం."
ఆ తాళం నేను కొన్నదే,
చౌరస్తాల, నూటఎనభైకి బేరమాడి.

మూడు లక్షల నలభై వేలు.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి కొంటనన్నడు శ్రీహరి,
కోల్డ్ స్టోరేజిల ఆర్నెల్లు పండబెడితే
ధర లేస్తదన్నడు.
లేచింది. అబద్ధమెందుకు, ధర మంచిగనే లేచింది.
పైసలతోని ఆయన గూడ లేచిపోయిండు.

నోటు రాసిన రాత్రి వాన.
"మనల మనకు కాయితమేందే వనజా" అని నవ్విండు.
నేను గూడ నవ్విన.
గుమ్మంల గొడుగు ముడుస్తున్న కొమురక్క మాత్రం నవ్వలే.
"పది మంది పైసలు బిడ్డా.
మీ ఇద్దరి ముచ్చటకు రశీదు లేకున్నా నడుస్తది,
సంఘం పైసకు నడువది."
రెవెన్యూ స్టాంపు నాలికతోని తడిపి అంటించింది నేనే.
దాని మీదికెల్లి అడ్డంగ సంతకం చేసిండు,
తోకను పొడుగ్గ గుంజి, పెండ్లి రిజిస్టర్ల చేసినట్టే.

విడాకులు ఎనిమిది నెలల్ల అయినయి.
అప్పు ఇంకా కాలే.

"మూడేండ్లు దాటితే నోటు చచ్చిపోతది" అన్నది వకీలు తాహెరా మేడం,
వేళ్ల మీద నెలలు లెక్కవెట్టి.
రెండు దినాల ప్రాణమున్నది దానికి.
ఆ రెండు దినాల్ల
కోర్టు ఫీజుకు కొత్తవాడల తిరగని గడప లేదు.

సంఘంల నెలనెలా పదో తారీకు వాయిదా.
మగ్గం మీద జంపఖానా దిగంగనే కూలి తెచ్చి
కొమురక్క పుస్తకంల రాయిస్త.
కోర్టుల గూడ వాయిదనే.
అక్కడ వాయిదా అంటే కట్టుడు,
ఇక్కడ వాయిదా అంటే కట్టకపోవుడు.
ఒక్క మాట కింద రెండు మొగ్గాల నడుమ
నాడె లెక్క తిరుగుతున్న నేను.

మొన్న బోనెక్కిచ్చిన్రు.
ఆయన వకీలు చానా మెత్తగ అడిగిండు
"ఆలుమగల నడుమ అప్పేందమ్మా? ఇష్టంతోనే ఇచ్చినవు కదా?"
"ఇష్టంతోనే ఇచ్చిన సార్.
ఆయన గూడ ఇష్టంతోనే తీసుకున్నడు.
వాపసిచ్చుడే ఇష్టం లేదు."
ఎనుక బెంచీల ఎవరో కిసుక్కుమన్నరు.
టైపు మిషన్ మాత్రం ఇట్ల కొట్టింది:
"ఇష్టపూర్వకముగా ఇచ్చిన మాట వాస్తవమే."
తాహెరా మేడం లేచి
మిగిలిన రెండు ముక్కలు గూడ రాయించేదాక కూసోలే.

ఇయ్యాల వరండాల, నాకు రెండు గజాల దూరంల నిలవడ్డడు.
దగ్గు. అదే దగ్గు.
మిర్చి ఘాటు గొంతుల నుంచి పోదు ఎన్నేండ్లైనా.
నా చెయ్యి దానంతట అదే
సీసా మూత తీసి ముందుకు సాగింది.
సగం దూరంల సోయికొచ్చి
ఆ నీళ్లు నేనే తాగిన.
వెచ్చగున్నయి.

"రాపోలు వనజ, రాపోలు వనజ, రాపోలు వనజ."
బంట్రోతు మూడుసార్లు పిలిచిండు.
మా నాయిన ఇంటిపేరును
అంత గట్టిగ ఎవరన్న పిలువంగ విని ఎన్నాళ్లాయె.

జడ్జిగారు లీవు. మల్ల పదిహేడుకు.

పదికి సంఘం, పదిహేడుకు ఇది.
మగ్గం మీద నీలం పట్టీలది సగం దిగి ఉన్నది.

వాపసు బస్సుల ఆధార్ చూపెడితే
కండక్టర్ సున్నా రూపాయల టికెట్టు చింపిచ్చిండు.
పారేయ బుద్ధి కాలే.
కవర్ల, నోటు పక్కకు పెట్టిన.